ఆరు గంటల క్లాసు

సోమవారం డిపార్ట్‌మెంటు మీటింగు.
నాలుగో అంశం: క్లాసులో లాప్‌టాప్‌లు
ఉండనివ్వాలా, వద్దా.
మూడోది మరుగుదొడ్డి తలుపు గడియ.
దాని మీదే గంటసేపు కొట్టుకున్నాం.

నాలుగోదానికి వచ్చేసరికి
ఒతార్ అప్పటికే కోటు తొడుక్కున్నాడు.
"వద్దంటే వద్దు.
మొన్న నేనొక జోకు వేస్తే ఒక్కడు నవ్వాడు,
అదీ నా జోక్కి కాదు."

పోయిన వారం దాకా నేనూ వద్దనేదాన్నే.
ఇరవై రెండేళ్లుగా ఈ కుతాయిసిలో
కొండచరియల పాఠం చెబుతున్నాను.
నేల ఎంత తడిస్తే కదులుతుంది,
కదిలే ముందు ఏం చెబుతుంది.
ఒకప్పుడు నలభై మొహాలు.
అర్థం కాని చోట కనుబొమలు ముడిపడేవి,
ఆ ముడి చూసి మళ్లీ మొదలెట్టేదాన్ని.
ఇప్పుడు నలభై మూతలు.
ఒకదాని మీద ఫుట్‌బాల్ జట్టు, ఒకదాని మీద పిల్లి,
ఒకదానికి పగులు, పగులు మీద టేపు.

నిజం చెప్పొద్దూ,
వాళ్ల చదువు ఏమైపోతుందోనన్న దిగులు ఎంతో
నన్ను చూడట్లేదన్న ఉక్రోషం
అంతకు రెండింతలు.

డిసెంబరులో ఆరింటికల్లా చీకటి.
వెనక గోడ పొడవునా ఉన్న కిటికీ
లోపల లైట్లు వేశాక అద్దమైపోతుంది.
పిల్లలకిది తెలీదు. నేను తెలియనివ్వలేదు.
బోర్డు దగ్గర నిలబడితే చాలు,
అందరి తెరలూ కుడిఎడమలు తారుమారై కనిపిస్తాయి.
ఒకమ్మాయి గోధుమరంగు బూట్లు చూస్తోంది,
పాఠం సగమయ్యేసరికి నల్లవాటికి మారింది.
(నన్నడిగినా నల్లవే అనేదాన్ని.)
ఒకడు చదరంగంలో ఓడిపోతున్నాడు.
ఇద్దరు మాత్రం నా దగ్గుని కూడా వదలకుండా
టైపు కొడుతున్నారు.

పగిలిన మూత మాల్ఖాజ్‌ది.
వాడి తెర మీద ఒక ఆడమనిషి. వీడియో కాల్.
నా క్లాసులో!
కోపం నషాళానికెక్కింది.
సుద్దముక్క పెట్టేసి ఓ అడుగు వేశాను.

ఆమె తల వంచుకుని రాస్తోంది.
పెన్నుతో, నోటుబుక్కులో.
తల ఎత్తి చూసి, మళ్లీ వంచి.
నేను ఆగితే ఆమె పెన్నూ ఆగింది.
ఆ గది మొత్తానికి చేత్తో నోట్సు రాసుకుంటున్న
ఒకే ఒక్క మనిషి
గదిలో లేదు.

వరండాలో పట్టుకుని అడిగాను.
బారీలో ఒక ముసలావిడకి సేవ చేస్తుందట.
ఆవిడ కునుకు తీసే రెండు గంటలే ఈమెవి.
"బోర్డు ఎలా కనబడుతుందిరా,
కెమెరా నీ మొహం వైపు కదా?"
"నా వెనక కిటికీలో కనిపిస్తుంది మేడం.
తిరగేసిన అక్షరాలే. అమ్మకి అలవాటైపోయింది."

కాసేపు బూటు కొసతో నేల గీకి,
టర్మ్ మొత్తానికి మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు:
"మా ఇంటి పైన వాలు మీద పగులొచ్చింది.
ఎంత వెడల్పయితే భయపడాలో
అమ్మ అడగమంది."

చేతులెత్తమన్నారు.
ఒతార్‌ది అందరికంటే ముందు లేచింది.
"నతేలా, నువ్వేంటి?"
నా చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.
ఎందుకో చెప్పలేదు,
చెబితే కిటికీ సంగతీ చెప్పాలి.
చెరిసగం పడ్డాయి. మార్చికి వాయిదా వేశారు.

మార్చిలో ఆరింటికి ఇంకా వెలుతురుంటుంది,
కిటికీ ఉత్త కిటికీ అయిపోతుంది.
అప్పుడేం చెయ్యాలో నాకింకా తోచలేదు.

ప్రస్తుతానికి అక్షరాలు పెద్దవి చేశాను.
నేల జారే దిక్కుకి బాణం గీసేటప్పుడు
సుద్ద ఒక్క క్షణం ఆగుతోంది.
గీసి, గట్టిగా నోటితో కూడా అంటున్నాను:
ఇటు.
ఇల్లున్న వైపు.